మూడడుగుల గవరయ్య

అనగనగా అంటే నిన్నా మొన్నా కాదు, సముద్రానికింకా ఉప్పు సరిగ్గా పట్టని రోజులు. ఒక రాజుగారికి ఏడామడల పొడవు రైలుండేది. దాన్ని సముద్రం దాటించి ఎదుటి దీవికి పంపాలని ఆయన ముచ్చట. వంతెన కిందికి కడితే ఓడలకు అడ్డం. పైకి కడితే రైలు ఎక్కలేదు. అంచేత రైలొస్తే వాలాలి, ఓడొస్తే లేవాలి.

"అట్లాంటిది కట్టినవాడి పేరే వంతెనకు పెడతాను" అన్నాడు రాజు.

వడ్రంగి మేస్త్రి బంగారాచారికి ఆ పేరు కావాలి. అన్నం వద్దు, నిద్ర వద్దు, ఆ పేరే కావాలి.

మొదట చక్రాల వంతెన చేశాడు. ఇసుకలో కూరుకుపోయింది. ఆ పక్కనే సరుగుడు మొక్కలకు ఏతం దూలం మీద అటూ ఇటూ నడుస్తూ నీళ్లు తోడే గవరయ్య ఉండేవాడు. ఎండు పుల్లలాంటి మనిషి. మెల్లగా అన్నాడు: "తోకకి బరువు కట్టరాదా బాబూ?"

బంగారాచారి కడుపు కుతకుతా ఉడికింది. దానిమీద ఎసరు పెడితే ఇంటిల్లిపాదికీ అన్నం వండొచ్చు.

తర్వాత పడవల వంతెన చేశాడు. అలలకు ఉయ్యాలూగింది.

"తోకకి బరువు కట్టరాదా బాబూ?"

కడుపు మళ్లీ ఉడికింది. ఈసారి ఊరందరికీ అన్నం.

మూడోసారి గొలుసులు కట్టి ఏనుగులతో లాగించాడు. వెయ్యి ఏనుగులు చతికిలబడ్డాయి.

"తోకకి..."

"నోర్ముయ్యరా! నీళ్లు తోడుకునేవాడివి, నాకు పని నేర్పుతావా?"

ఆ కడుపు మీద ఏడు పెళ్లిళ్ల విందు వండొచ్చు. అయినా దారిలేక ఏతంలాగే కట్టాడు. సముద్రం వైపు రైలు పట్టాలు, ఒడ్డు వైపు తోక, తోక మీద రాళ్ల పెట్టె.

"మూడొందల రాళ్లు పడతాయి బాబూ" అన్నాడు గవరయ్య.

"వాడన్నన్ని వేస్తే ఇక నా గొప్పేముంది?" అని బంగారాచారి ఒక రాయి తీసేశాడు.

రాజు వచ్చాడు. ఓడ వచ్చింది. వంతెన మాత్రం లేవలేదు! గవరయ్య పరుగున తోకెక్కి, ఏతం మీద నడిచినట్టే చివరికంటా మూడడుగులు వేశాడు. వంతెన లేచిన ఊపుకి మబ్బుకు చిల్లుపడింది.

"ఎవరోయ్ నువ్వు?"

"నీళ్లు తోడేవోణ్ణి మారాజా. వంతెన ఆచారి బాబుదే."

పేరు బంగారాచారికే దక్కింది. కానీ ఓడ కనబడితే చాలు, జనం "గవరయ్యా, మూడడుగులు!" అని కేకేసేవాళ్లు. అది వినలేక బంగారాచారి చెవుల్లో దూది కుక్కుకున్నాడు. రాయి వేస్తే సరిపోయేది. వేస్తే తప్పు ఒప్పుకున్నట్టే కదా! వెయ్యలేదు. గవరయ్యే నూటపాతికేళ్లు నడిచి నడిచి, ఓనాడు కన్నుమూశాడు.

మర్నాడు నిండు ఓడ వచ్చింది. బంగారాచారి ఆనాడు తీసి దాచిన రాయి వేశాడు. లేవలేదు. రెండోది వేశాడు. లేవలేదు. మూడోది వేశాడు. ఊహూఁ. ఓడలో పసిపిల్లల ఏడుపు ఒడ్డుకు వినిపిస్తోంది.

బంగారాచారి పళ్లు నూరుకుంటూ తోకెక్కాడు. చివరికి గొంతు చించుకుని అరిచాడు:

"గవరయ్యా, మూడడుగులు!"

అరిచి, తనూ మూడడుగులు వేశాడు. వంతెన లేచింది.

ఇప్పటికీ అక్కడ వంతెన ఎత్తేవాళ్లు ముందు తోకెక్కి గవరయ్యను పిలుస్తారు, మూడడుగులు వేస్తారు, ఆ తర్వాతే మీట తిప్పుతారు. పోయినవాణ్ణి ఇలా పిలవడం ఎవరు మొదలుపెట్టారని అడిగితే మాత్రం బుర్ర గోక్కుంటారు.

"ఎవరో వడ్రంగట."