కాకినాడ సభలో పట్టాభిషేకం

అడిగిన రోజునే జవాబు చెప్పే అలవాటు పురుషోత్తంగారికి లేదు. జర్మనీ చక్రవర్తుల చరిత్ర చదవడంలోనే జుట్టు నెరిసిన ఆ ఆచార్యుణ్ణి శిష్యురాలు మేదిని ఒకనాడు అడిగింది: "గురువుగారూ, ఆఖరి చక్రవర్తి కొలువులో అంతమంది చదువుకున్నవాళ్ళుండి, ఆయన తప్పు ఆయనకు చెప్పలేకపోయారేమండీ?" ఆయన కళ్ళజోడు తుడుచుకుని, "రేపు కాకినాడ కాలేజీ సభలో మాట్లాడుతున్నాను, రా అమ్మా" అన్నారు.

వచ్చేవారం అదే కాకినాడ కాలేజీలో మేదినికి లెక్చరర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. ఎంపిక కమిటీలో పురుషోత్తంగారి మాటే మాట. జర్మనీ రాజుల మీద పరిశోధన చేసినవాళ్ళకోసం మన జిల్లాల్లో ఉద్యోగాలు కాచుక్కూర్చుని ఉండవు. ఇది చేజారితే మరొకటి లేదన్న బెంగతో ఆ పిల్లకు అన్నం సయించడం లేదు.

సభలో ఆయన ఆఖరి చక్రవర్తి పట్టాభిషేకం వర్ణించడం మొదలుపెట్టారు. కిరీటం బరువెంతో, దానికి పొదిగిన రాళ్ళేమిటో, అది తలకెక్కిన వేళ ఏ గంటలు మోగాయో కళ్ళకు కట్టినట్టు చెబుతున్నారు. రాసుకుంటున్న మేదిని కలం ఆపేసింది. ఆ చక్రవర్తికి పట్టాభిషేకమే జరగలేదు. ఆ సామ్రాజ్యానికి కిరీటమంటూ ఎవరూ చేయించనే లేదు. పెద్దాయన పొరబడ్డారా, లేక మతిమరుపు మొదలైందా? లేచి చెబుదామనుకుంది. కూర్చున్న కొమ్మ నరుక్కోవడమేనని భయమేసి, చీరకొంగు వేలికి చుట్టుకుంటూ ఉండిపోయింది. "సందేహాలుంటే అడగండి" అని ఆయన రెండుసార్లు అన్నారు, రెండోసారి ఆమెవైపే చూస్తూ. మేదిని తల వంచుకుంది. చప్పట్లు మోగాయి. కాలేజీ పిల్లలు కిరీటం బరువుతో సహా రాసుకుని మరీ ఇళ్ళకు వెళ్ళారు.

హాలు ఖాళీ అయ్యాక ఇక ఉండబట్టలేక ఆయన దగ్గరకు వెళ్ళింది.

"గురువుగారూ, తప్పయితే క్షమించండి. ఆయనకు పట్టాభిషేకం జరగలేదు కదండీ."

పురుషోత్తంగారు కోప్పడలేదు. ఖాళీ కుర్చీలవైపు ఓసారి చూసి, కండువా భుజాన సర్దుకున్నారు.

"ఆ కొలువులోవాళ్ళూ చెప్పారమ్మా" అన్నారు. "యుద్ధం ఓడిపోయాక."