ఎసరు మరిగాకే బియ్యం

కొండలకీ సముద్రానికీ నడుమ నీలకేదారమని ఒక రాజ్యం. దానికి భద్రకేతుడని ఒక రాజు, ఆ రాజుకి ముగ్గురు కొడుకులు. మీరు ఊఁ కొడుతుంటేనే చెప్తాను, లేకపోతే ఇక్కడే ఆపేస్తాను. పెద్దవాడు ప్రచండుడు, రెండోవాడు ఉద్దండుడు, మూడోవాడు పింగళుడు. పెద్దవాళ్ళిద్దరూ కత్తిసాములో ఆరితేరారు. పింగళుడికి పురిట్లోనే తల్లి పోతే, వంటశాలలో నాంచారవ్వ ఎత్తుకుని పెంచింది. అన్నం వండడం తప్ప వీడికేం వచ్చునని అన్నలు వెక్కిరించేవారు. వాడు నవ్వి ఊరుకునేవాడు, పాపం.

ఆ రాజ్యంలో మూడేళ్ళు చినుకు పడలేదు. మొదటి ఏడు చెరువులెండాయి. రెండో ఏడు ఏరెండింది. మూడో ఏడు బావులెండాయి. చివరికి ఊరంతటికీ ఒక్క బావి మిగిలింది, మనిషికి రోజుకి ఒక్క ముంత నీళ్ళు. నాంచారవ్వ తన ముంత కూడా పింగళుడికే పోసి, నేను తాగేశాన్లే నాయనా అని అబద్ధమాడేది. అలా చేసీ చేసీ ఒకరోజు పొయ్యి దగ్గరే సొమ్మసిల్లి పడిపోయింది. నెల లోపల వాన పడకపోతే ఈవిడ దక్కదని వైద్యుడు తేల్చేశాడు.

ఆ రోజే ఆడవాళ్ళు రోకలికి కప్పను కట్టి, కప్పతల్లి పాటలు పాడుతూ వాకిట్లోకొచ్చారు. కప్ప మీద నీళ్ళు పోస్తే వాన వస్తుందని వాళ్ళ నమ్మకం. పొయ్యడానికి నీళ్ళేవి మరి? కప్ప నోరు తెరుచుకుని వేలాడుతోంది. పింగళుడు తన ముంతలో సగం అవ్వ నోట్లో పోశాడు, మిగతా సగం కప్ప మీద పోసి కట్లు విప్పాడు.

తేరుకున్న కప్ప మాట్లాడింది. సముద్రం రోజూ మబ్బుల్ని పంపుతూనే ఉందట. ఏడు సముద్రాల అవతల కరాళుడనే మాంత్రికుడు వాటిని దారిలోనే పట్టి, తన ప్రాణంతో కలిపి దాచేస్తున్నాడట.

మాంత్రికుడి ప్రాణం ఎక్కడుంటుందో ఆ రాజ్యంలో చంటిపిల్లనడిగినా చెబుతుంది, చిలకలోనని. అన్నలిద్దరూ కత్తులు పట్టుకుని ఓడెక్కారు. పదిహేను రోజులైనా తిరిగి రాలేదు. నేను వెళ్తానని పింగళుడు అంటే రాజు కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నాంచారవ్వ మాత్రం లేవలేక లేవలేక, చెకుముకి రాయీ గుప్పెడు బియ్యమూ కొంగున కట్టినవి తీసి వాడి చేతిలో పెట్టింది.

కప్ప ఏనుగంతై వాడిని వీపు మీద ఎక్కించుకుంది. ఒక గెంతుకి రెండు సముద్రాలు, ఇంకో గెంతుకి రెండు, మూడో గెంతుకి మిగిలిన మూడూ దాటేసింది.

దీవిలో ఒక పంజరం, దానిలో చిలక, పక్కన రెండు బండరాళ్ళు. రాళ్ళకి అన్నల ముఖాలే. పంజరం ముట్టుకునే రాళ్ళయ్యారని పింగళుడికి అర్థమైంది. అందుకే వాడు దాన్ని ముట్టుకోలేదు, దూరం నుంచే నాలుగు బియ్యపు గింజలు విసిరాడు. చిలక తిని, తన పేరు శీతలవల్లి అనీ, మంచుకొండ రాజు కూతురుననీ చెప్పింది. రాజకుమారులంతా చిలక కోసమే వస్తారని తెలిసి, కరాళుడు తనను చిలకను చేసి ఎరగా వేలాడదీశాడట. వాడి ప్రాణమూ మబ్బులూ నీళ్ళుగా మారి అదిగో, ఆ రాగి గుండిగలో ఉన్నాయట. దాని మూత తీయాలని మనిషి చెయ్యి వేసినా రాయే.

ఇంతలో కరాళుడు రానే వచ్చాడు. పింగళుడు చేతులు జోడించి, ఎలాగూ రాయిని చేస్తావు కదా, ఆకలి మీద ఉన్నాను, ఆ గుండిగలో ఇంత అన్నం వండుకోనివ్వమన్నాడు. కరాళుడు లోపల్లోపల నవ్వుకున్నాడు. బియ్యం వేయాలంటే మూత తీయాలి, తీస్తే వాడే రాయవుతాడు. సరే, వండుకోమన్నాడు.

పింగళుడు ఎండుపుల్లలు ఏరి, గుండిగ కింద మంట పెట్టాడు. మొదటి మంటకి గుండిగ సన్నగా రొద పెట్టింది. మూత తీయవేమని కరాళుడు అడిగాడు. రెండో మంటకి మూత టకటకా ఆడింది. ఇంకా తీయవేమని అడిగాడు.

"ఎసరు మరిగాక కదా బియ్యం వేసేది," అన్నాడు పింగళుడు.

పుట్టి బుద్ధెరిగి పొయ్యి ముందు కూర్చోనివాడు, కరాళుడికేం తెలుసు? నిజమే కాబోలనుకుని బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. మూడో మంటకి మూత దానంతటదే ఎగిరి అవతల పడింది. తెల్లటి ఆవిరి బుసబుసా లేచింది. అది లేచేకొద్దీ కరాళుడు చిక్కిపోయాడు.

"నా నీళ్ళు ఎక్కడికి పోతున్నాయిరా?" అని గొణిగాడు.

"ఎక్కడికీ పోవు. వేడెక్కితే పైకి లేస్తాయి, చల్లటి మూత తగిలితే బొట్లై దిగుతాయి. మా అవ్వ పొయ్యి మీద రోజూ చూస్తాను. మా ఊరి కొండ మీద ఆకాశం కూడా చల్లటి మూతే," అన్నాడు పింగళుడు.

కరాళుడు పిడికెడు బూడిదయ్యాడు. రాళ్ళు అన్నలయ్యాయి, చిలక రాజకుమారి అయింది. ఆవిరి మళ్ళీ మబ్బులైంది, గాలి ఆ మబ్బుల్ని తోలుకుపోయింది, వాటి వెనకే కప్ప నలుగుర్నీ మోసుకుపోయింది.

మబ్బులు నీలకేదారం కొండ ఎక్కి, చల్లబడి, కుండపోతగా కురిశాయి. పింగళుడు తడుస్తూ వంటశాలకి పరిగెత్తాడు. నాంచారవ్వ చూరు కింద ముంత పట్టుకుని కూర్చుని ఉంది. నిండిన ముంత అలవాటుగా వాడికే అందించింది. "ముందు నువ్వు తాగు, నేను చూస్తాను," అన్నాడు వాడు. అవ్వ గటగటా తాగింది.

పింగళుడికి శీతలవల్లితో పెళ్ళయింది. అన్నలు ఒప్పుకుని సింహాసనం కూడా వాడికే ఇచ్చారు. పట్టాభిషేకానికి పురోహితుడు ఏడు నదుల నీళ్ళు తెచ్చాడు. పింగళుడు కాసేపు ఆగమన్నాడు. నాంచారవ్వ విందు వంట దగ్గర్నుంచి ఎసరు మూత పట్టుకొచ్చి, దానికంటిన నీటిబొట్టు వేలితో తీసి వాడి నుదుట పెట్టింది. వాళ్ళు అరవై ఏళ్ళు చల్లగా ఏలారు. ఆ అరవై ఏళ్ళూ ఆ రాజ్యంలో ఎవరూ దాహం గురించి అబద్ధమాడాల్సిన పని లేకపోయింది.