ఉడుము మామ కాపలా

పడవల దారికి ఎంతో దూరంగా, నడి సముద్రంలో ఒక దీవి ఉంది. దీవి అనడమే గాని, నిజానికి అదొక నిప్పుల కొండ. పీకల్లోతు నీళ్లలో నిలబడి తల ఒక్కటీ బయట పెట్టుకుంది. పొద్దున్నే పొయ్యి రాజేసిన ఇంటిమీద పొగ ఆడినట్టు ఆ తలమీద ఎప్పుడూ సన్నటి పొగ ఆడుతుంటుంది. పడమటి దిక్కంతా నల్లరాయి. ఏనాడో కొండలోంచి కరిగి పారి, సముద్రంలో పడి చల్లారి, పారిన పాటునే బిగుసుకుపోయింది. అక్కడ గడ్డిపరక మొలవదు. తూర్పు దిక్కున మాత్రం మొగలి పొదలు, బాదం చెట్లు, వాటి కింద కాటుకలాంటి నల్ల ఇసుక. ఏరు లేదు, ఊట లేదు. రాతి గుంటల్లో నిలిచిన వాననీళ్లే అందరికీ దాహం తీర్చాలి.

అక్కడి జీవాలు ఆ కొండని కొండమ్మ అని పిలుచుకునేవి. తెల్లారి లేచి పొగవైపు తిరిగి ఓ దండం పెట్టుకుంటేగాని మేతకి కదిలేవి కావు. భయపడి కాదు. వెచ్చగా కడుపులో పెట్టుకు సాకే తల్లి అప్పుడప్పుడు కసురుకుంటుంది, అంతే కదా అనుకునేవి.

ఆ కొండమ్మ వెచ్చదనం మీదే బతుకు పెట్టుకున్నది దిబ్బకోడి పైడమ్మ. ఈ దిబ్బకోళ్లది చిత్రమైన జాతి. గుడ్ల మీద కూర్చుని పొదగవు. వెచ్చటి బూడిదలో గొయ్యి తవ్వి, గుడ్డు పెట్టి, మీద ఇసుకా ఆకులూ దిబ్బగా ఎగదోస్తాయి. పొదిగే పని కొండమ్మది. కాని ఊరికే వదిలేస్తే కాదు. రోజూ పొద్దున దిబ్బలోకి మెడ లోతున తల దూర్చి, నోటితో బూడిద పట్టి వేడి చూడాలి. ఎక్కువైతే కాస్త గీరెయ్యాలి, తక్కువైతే కాస్త కప్పాలి. పాయసం దగ్గర నిలబడ్డ ఆడమనిషికి ఉన్నంత ఓపిక కావాలి.

పోయిన ఏడాది పైడమ్మకి ఆ లెక్క తప్పింది. అడుగున వేడి చల్లారిందని గమనించేసరికి గుడ్లన్నీ మురిగిపోయాయి. ఆ దిగులు ఇంకా తీరలేదు. అందుకే ఈసారి చోటు కోసం కొండవాలంతా తవ్వి చూసింది. ఒక గొయ్యి పసుపు రాళ్ల చీలిక పక్కన పడింది. మూతి పెట్టగానే చుర్రుమంది. "తల్లీ, ఇది నాకొద్దు" అని దండం పెట్టి, పైన పల్చగా ఆకులు కప్పి వదిలేసింది. ఆఖరికి బాదం చెట్టు పక్కన మనసుకి నచ్చిన చోటు దొరికింది. అక్కడ ఏడు గుడ్లు పెట్టింది.

ఆమె పెనిమిటి సింహాద్రి. పేరు సింహాద్రి, గుండె పిచ్చుకది. మనసు మాత్రం వెన్న. ఇద్దరూ కలిసి దిబ్బ ఎగదోస్తూ, పొద్దూకులూ ఆ వాలుమీదే తిరిగేవారు.

ఆ గుడ్ల మీద ఇంకొకరి కన్ను కూడా ఉంది. ఉడుము చలమయ్య.

ఉడుముకి ముక్కుకన్నా నాలుక గొప్పది. చీలిన నాలుక బయటికి ఆడించి, ఏ వాసన ఎక్కణ్ణించి వస్తోందో పట్టేస్తుంది. కాని ఈ దీవిలో గాలి నిండా గంధకం కంపు. పైడమ్మ తవ్వి వదిలిన గోతులూ దిబ్బలూ వాలంతా ఉన్నాయి, గుడ్లు వాటిలో ఎక్కడున్నాయో దూరం నుంచి తెలియదు. ఏ గొయ్యి దగ్గరికొచ్చి వాసన చూద్దామన్నా మొగుడూ పెళ్లాలిద్దరూ వెనక్కి తిరిగి, కాళ్లతో కళ్లలో బూడిద కొట్టి తరిమేవారు. బలంతో కాని పని మాటతో అవుతుందేమోనని ఒకనాడు చలమయ్య నెమ్మదిగా వచ్చి, మొగలి పొద పక్కన పెద్దమనిషిలా కూర్చున్నాడు.

"ఏం కోడలా, ఒంట్లో బాగుందా?"

"అక్కణ్ణించే అడుగు మామా. బాగా వినబడుతోంది."

"అదేమిటే, నన్ను చూసి అంత బెదురు! ఈ వయసులో గుడ్లు తింటే నాకు అరుగుతాయా? చచ్చిన చేపో, పీత కాలో, అదీ నా భోజనం. నీ మేలు కోరి వచ్చాను. కాళ్ల కింద చూసుకున్నావా? కొండమ్మ కాగుతోంది."

పైడమ్మ గతుక్కుమంది. అది అబద్ధం కాదు. మూడు రోజులుగా పొగ చిక్కబడింది. రాతి గుంటల్లో నీళ్లు గోరువెచ్చగా ఉంటున్నాయి. అబద్ధానికి కాస్త నిజం పాలుపోసి తెస్తే ఎంతటివాళ్లకైనా గొంతు దిగుతుంది.

"చూస్తున్నాను మామా. రోజూ చూసుకుంటూనే ఉన్నాను."

"ఏం చూస్తున్నావు? ఎంత వేడి ఉండాలో నీకు తెలుసా?"

"తెలుసు."

"ఎవరు చెప్పారు? మీ అమ్మ చెప్పిందా? ఏదీ, మీ అమ్మ ఎలా ఉంటుందో చెప్పు చూద్దాం."

దిబ్బకోడి పిల్ల తల్లి మొహం ఎరగదు. బూడిదలోంచి తనంతట తానే పైకొచ్చి, రెక్కలు దులుపుకుని, ఆ రోజే ఎగిరిపోతుంది. పెంచడాలూ నేర్పడాలూ ఆ ఇంట లేవు.

చలమయ్య నాలుక ఓసారి బయటికొచ్చి లోపలికి పోయింది. "అదే నా బాధ. పెద్దదిక్కు లేనిదానివి. పోయినేడు మురగబెట్టావు, ఈ ఏడు ఉడకబెడతావు. నా మాట విను. ఈ వాలు దిగితే మా దుంగ పక్కన చల్లటి నీడ ఉంది. గుడ్లు అక్కడికి దొర్లించుకు రండి. కాపలా నేను కాస్తాను. నా చుట్టుపక్కలకి ఒక్క ఎలుక రాదు, ఒక్క పీత రాదు."

అని చెప్పి, తోక ఈడ్చుకుంటూ వెళ్లిపోయాడు. తొందరపెట్టలేదు. అదే అతని తెలివి.

"ఆయన చెప్పిందీ సబబుగానే ఉందేమోనే" అన్నాడు సింహాద్రి.

"పాలకి పిల్లిని కాపలా పెట్టడం సబబా?"

"కాపలా మాట అలా ఉంచు. వేడి మాట నిజమే కదా!"

అక్కడే ఉంది ముల్లు. పైడమ్మకి ఆ సాయంత్రం గింజ సయించలేదు. కదిపితే ఉడుము పాలు. కదపకపోతే కొండమ్మ పాలు. మధ్యలో ఏడు గుడ్లు.

తెల్లారేసరికి నల్ల ఇసుక మీద తాబేలవ్వ కనబడింది. అవ్వ మూడు నాలుగేళ్లకోసారి ఏ సముద్రాలో దాటి ఈ ఒడ్డుకే వచ్చి, ఇక్కడే గుడ్లు పెట్టి పోతుంది. గుంట పూడ్చి, ఆయాసపడుతూ నీళ్లవైపు జరుగుతున్నది కాస్తా పైడమ్మని చూసి ఆగింది.

"ఏమే కోడిపిల్లా, మొహం అలా వేలాడేశావేం?"

"అవ్వా, నీకు మీ అమ్మ గుర్తుందా?"

"చూస్తే కదే గుర్తుండటానికి! నేను పుట్టేసరికి ఆవిడ ఏ లోతుల్లో ఉందో."

"మరి ఇక్కడికే వచ్చి పెట్టాలని నీకెవరు చెప్పారు?"

తాబేలవ్వ కళ్లలోంచి నీళ్లు కారుతున్నాయి. తాబేళ్లు ఒడ్డెక్కితే అంతే, ఏడుపు కాదది. "పిచ్చిదానా! మా అమ్మ నా చెవిలో ఒక్క మాట చెప్పలేదు. నన్ను ఏ ఇసుకలో పడుకోబెట్టిందో అదే ఆవిడ మాట. ఎన్ని ఒడ్లు చూసినా, ఈ ఇసుక ఒంటికి తగిలితేగాని నాకు ఇల్లు చేరినట్టుండదు. నువ్వు కళ్లు తెరవకముందు ఏ వెచ్చదనంలో పడుకున్నావో నీ ఒంటికి తెలీదూ? అది మరిచిపోయేది కాదే. మీ అమ్మకి వాళ్లమ్మ ఇచ్చింది, నీకు మీ అమ్మ ఇచ్చింది. వెళ్లి మూతి పెట్టి చూసుకో. ఆ వెచ్చదనం ఉందా, ఉంచు. లేదా, సరిచెయ్యి. దీనికి ఉడుమునడుగుతావా!"

అని మరో మాట లేకుండా అలలోకి దిగిపోయింది.

పైడమ్మ పరుగున దిబ్బ దగ్గరికొచ్చింది. కొండమ్మకి దండం పెట్టుకుని, కళ్లు మూసుకుని, మెడ లోతున తల దూర్చింది. నోటినిండా బూడిద. భయం పక్కన పెట్టి నిదానంగా చూసింది. ఎరిగిన వెచ్చదనమే. చీకట్లో, పెంకులో, ముడుచుకు పడుకున్ననాటి వెచ్చదనమే. కాకపోతే ఒక పిసరు ఎక్కువ.

"ఏమండీ, మీదనుంచి రెండు గోళ్ల మందం గీరెయ్యండి. చాలు."

"అంతేనా? కదపక్కర్లేదా?"

"అక్కర్లేదు. ఇంక మామ సంగతి చూడాలి. ఇవాళ కాకపోతే రేపు వస్తాడు. ఎన్నాళ్లని కళ్లల్లో బూడిద కొడతాం?"

ఆ మధ్యాహ్నమే చలమయ్య వచ్చాడు. పైడమ్మ ఎదురెళ్లింది.

"రా మామా. నీ మాట మనసులో పడి రాత్రి కంటిమీద కునుకు లేదు. మా ఇంట ఒక పద్ధతుంది. మూతి పెట్టి వేడి చూడనిదే ఏ గొయ్యీ కదపం. నా చూపు తప్పంటున్నావు కనక, పెద్దవాడివి, ఆ వేడేదో నువ్వే చూసి చెప్పు."

చలమయ్య మనసు పులకరించింది. గుడ్లు మొయ్యక్కర్లేదు, దొర్లించక్కర్లేదు, ఏకంగా విస్తరి దగ్గరికే పిలుస్తోంది! "చూస్తానమ్మా, చూస్తాను. పెద్దవాళ్లం ఉన్నదెందుకు?"

పైడమ్మ ముందు నడిచింది. బాదం చెట్టు దాటి, పైకి, పసుపు రాళ్ల చీలిక పక్కకి తీసుకెళ్లింది. సింహాద్రి వెనకే వస్తూ ఏదో అనబోతే చురుక్కున చూసింది.

"ఇదిగో మామా గొయ్యి. నెమ్మది సుమా. ముందు పైపైన చూడు. తరవాత గోరంత లోపల. మేం అలాగే చూస్తాం."

"నాకు నేర్పుతావుటే? తప్పుకో."

"తప్పుకుంటాను గాని, నెమ్మది మామా!"

చలమయ్య వినలేదు. గంధకం ఘాటు మీద ఘాటుగా తగులుతున్నా ఆకలి ముందు అది ఆనలేదు. నెమ్మది నెమ్మది అంటోందంటే అడుగునే ఉన్నాయన్నమాట అనుకున్నాడు. నాలుక బారెడు చాచి, కళ్లదాకా మూతి దూర్చేశాడు.

కొండమ్మ ఆవిరి బుస్సుమంది.

ఆ కేకకి చెట్లమీది పావురాలన్నీ ఒక్కసారి లేచాయి. చలమయ్య వెనక్కి లాగుతుంటే అంచున ఆకులూ బూడిదా మెడమీదికి జారాయి. నాలుగు కాళ్లూ తన్నుకుంటూ, "గుడ్లూ వద్దు గిడ్లూ వద్దు, మూతి బయటపడితే చాలు దేవుడోయ్!" అని లోపల్లోపలే మొత్తుకున్నాడు. 'ఉడుము వద్దు, చెయ్యి వదిలితే చాలు' అని లోకం అంటుంది. ఉడుము చేతే ఆ మాట అనిపించిన గొయ్యి అది. మొగుడూ పెళ్లాలే చెరో పక్కా బూడిద గీరి అతన్ని బయటికి లాగారు.

"గుడ్లేవే?" అన్నాడు, వాచిన నాలుక లోపల పట్టక.

"గుడ్లున్నాయని నేనెప్పుడన్నాను మామా? వేడి చూడమన్నాను. నెమ్మదిగా చూడమని రెండుసార్లు చెప్పాను. అయినా గుడ్లు నీకు అరగవన్నావుగా! వెళ్లి వానగుంటలో నాలుక నానబెట్టుకో, మంట తగ్గుతుంది."

మంట పదిరోజుల్లో తగ్గింది. కాని ఆ నాలుకకి వాసన పట్టే గుణం పోయింది. చచ్చిన చేప పక్కనుంచి నడిచిపోయేవాడు, తెలిసేది కాదు.

అంతలో వానలు పట్టాయి. ఉడుముది చల్లటి ఒళ్లు. తడిస్తే వెచ్చటి చోటు వెతుక్కుంటుంది. ఒక పూట ముసురు వెలిశాక చలమయ్య వణుక్కుంటూ కొండవాలంతా తిరిగి, బాదం చెట్టు పక్కన దిబ్బ ఎక్కి, "అబ్బ, ఏం వెచ్చగా ఉంది!" అని పొట్ట ఆన్చి పడుకున్నాడు.

ఎండుటాకుల చాటున సింహాద్రికి పై ప్రాణాలు పైనే పోయాయి. "పైడీ! మన దిబ్బ! మన గుడ్ల మీద!"

పైడమ్మ గుండె కూడా ఝల్లుమంది. కాని చూసింది. చలమయ్య నాలుక రెండుసార్లు బయటికొచ్చింది, ఊరికే లోపలికి పోయింది.

"ఉండండి, తరమకండి."

"తరమొద్దా?"

"తరిమితే ఇక్కడేదో ఉందని మనమే చెప్పినట్టు. పడుకోనివ్వండి పాపం. చలికి వచ్చాడు."

ఇక రోజూ అదే వరస. పొద్దున పైడమ్మా సింహాద్రీ వేడి చూసి, సరిచేసి వెళ్లేవారు. పొద్దెక్కాక చలమయ్య వచ్చి పడుకునేవాడు. అతన్ని చూసి ఎలుకలు ఆ దరికి రాలేదు. గుడ్లు తవ్వుకుతినే పీతలు దారి మార్చుకున్నాయి. రెండు నెలలు దాటాయి.

ఒకనాడు చలమయ్య మంచి కునుకులో ఉండగా పొట్టకింద కితకితలు పెట్టినట్టయింది. ఉలిక్కిపడి లేచేలోగా బూడిద పెల్లుబికింది. ఒక చిన్న తల బయటికొచ్చింది. దిబ్బకోడి పిల్ల ఒళ్లు దులుపుకుని, పుట్టిన చోట ఓసారి మూతి పెట్టి చూసి, రెక్క విదిల్చి, చలమయ్య ముక్కుమీదుగానే ఎగిరిపోయింది.

పోతూపోతూ బాదం కొమ్మమీద ఓ క్షణం వాలింది. పక్కనే పైడమ్మ.

"ఎవరు పిన్నీ నువ్వు?"

పైడమ్మ ఇంకాస్త దగ్గరికి జరిగింది. "ఈ కొండవాళ్లమే తల్లీ. ఒంటికి వెచ్చగా ఉందా?"

"ఉంది" అని ఆ పిల్ల అడవిలోకి ఎగిరిపోయింది. పైడమ్మ కొండమ్మ పొగవైపు తిరిగి దండం పెట్టుకుంది. ఇంకా ఆరు రావాలి.

కింద చలమయ్య నోరు తెరిచినవాడు తెరిచినట్టే ఉన్నాడు. ఎన్నాళ్లుగా దేనిమీద పడుకున్నాడో అప్పటికి తెలిసొచ్చింది. కసిగా తవ్వుదామని గోళ్లు ఎత్తేలోగా రెండు వైపుల నుంచీ కళ్లనిండా బూడిద పడింది. ఈసారి ముందు కొట్టింది సింహాద్రి.

"కాపలా కాస్తానన్నావు, కాశావు మామా" అంది పైడమ్మ మెత్తగా. "మాట మీద నిలబడ్డావు. మిగిలిన ఆరింటినీ మేం చూసుకుంటాం."

చలమయ్య కళ్లు నులుముకుంటూ, ఆకలి కడుపుతో, చల్లటి దుంగ దగ్గరికి తోక ఈడ్చుకుంటూ పోయాడు.

అడగని సలహా గడప తొక్కితే, అది తీర్చబోయేది ఎవరి ఆకలో ముందు చూసుకోవాలి.