నిప్పుకు రాని ఇల్లు

అనగనగా ఎర్రమెట్ట అని ఒక ఊరు. మరీ పెద్ద ఊరేం కాదు. ఈ చివర ఎవరైనా తుమ్మితే ఆ చివరి నుంచి "చిరంజీవ" అనేవారు.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. తెల్లవారగానే ఎవరి ఇంటి మీద ముందుగా పొగ లేస్తే, తక్కినవాళ్ళంతా కుండపెంకులు పట్టుకుని ఆ ఇంటికి నిప్పుకు వెళ్ళేవారు. తెచ్చుకునేది నాలుగు కణికలే. కానీ వాటితోపాటు ఎవరి ఆవు ఈనిందో, ఎవరి కోడలు అలిగిందో, ఆ కబుర్లన్నీ ఇంటికి చేరేవి.

పొద్దెక్కినా ఏ ఇంటివాళ్ళైనా నిప్పుకు రాకపోతే, ఎవరో ఒకరు నిప్పు పట్టుకెళ్ళి ఆ తలుపు తట్టేవారు. జ్వరమో, జగడమో, వట్టి బద్ధకమో కనుక్కుని వచ్చేవారు. బద్ధకమని తేలితే ఆ రోజంతా ఊరికి నవ్వులే.

ఆ ఊళ్ళో సింగన్న, నాగులమ్మ అని లక్కగాజులు చేసే ఆలుమగలు ఉండేవారు. కుంపటి మీద లక్క కరిగించి సింగన్న గాజు తీస్తే, నాగులమ్మ దానికి అద్దాలు అతికేది. పనితనానికి వంక పెట్టడానికి లేదు. కానీ అంత చిన్న ఊళ్ళో గాజులు ఎన్ని కావాలి? పెళ్ళికీ సీమంతానికీ తప్ప వాళ్ళ గడప ఎవరూ తొక్కేవారు కారు. ఆకలి మాత్రం రోజూ వచ్చేది.

చివరికి ఇద్దరూ కాంచనపురానికి బయలుదేరారు. అది రాజుగారుండే మహానగరం. ఊరంతా పొలిమేర దాకా వచ్చి సాగనంపింది. పక్కింటి ముత్యాలవ్వ నాగులమ్మ కొంగున ఇన్ని అటుకులు కట్టింది. పాత కుంపటిని మోయలేక వాకిట్లోనే వదిలేశారు.

కాంచనపురంలో మొదటి రోజు తెల్లవారగానే సింగన్న ఏం చేశాడో తెలుసా? కుండపెంకు పట్టుకుని నిప్పుకు వెళ్ళాడు.

మొదటి గుమ్మంలో ఒక ఇల్లాలు, పొద్దున్నే నిప్పిస్తే ఇంట్లో లక్ష్మి వెళ్ళిపోతుందంది. రెండో గుమ్మంలో ఒక వర్తకుడు పెంకునూ మనిషినీ మార్చి మార్చి చూసి, ఇల్లు తగలబెట్టే ఉపాయమేమోనని కాపలావాణ్ణి పిలిచాడు. మూడో తలుపు తెరుచుకోనే లేదు. "చెయ్యి ఖాళీ లేదు, పైకి వెళ్ళవయ్యా" అని లోపలి నుంచి ఒక ముసలి గొంతు వినబడింది. బిచ్చగాళ్ళతో అనే మాట అది. సింగన్నకు అన్నిటికన్నా అదే గుచ్చుకుంది.

తర్వాత తెలిసింది, ఆ నగరంలో ఇంటింటా చెకుముకి రాయి ఉంటుందని. ఎవరి నిప్పు వారిదే. సింగన్న కూడా ఒక రాయి కొనుక్కున్నాడు.

ఇక రొట్టె విరిగి నేతిలో పడింది. నగరంలో గాజులు తొడుక్కునే చేతులకు కొదవా? అంతఃపురం నుంచి కూడా కబురు వచ్చింది. నగరాన్ని తిట్టిపోయడానికి లేదు. అది వాళ్ళకు అన్నం పెట్టింది, అదీ నెయ్యి వేసి మరీ పెట్టింది.

అయినా నాగులమ్మ రోజూ తెల్లవారగానే గుమ్మంలో నిలబడేది. మేడల నడుమ ఆకాశం గాజుముక్కంత కనబడేది. "ఈపాటికి అవ్వ ఇంటి మీద పొగ లేచి ఉంటుంది" అనేది. సింగన్న వినబడనట్టు లక్క కలుపుతూ ఉండేవాడు. వినబడేది. ఆ పూట అతనికి ముద్ద దిగేది కాదు.

ఒక చలికాలం ఇద్దరికీ ఒక్కసారే జ్వరం తగిలింది. పొయ్యి వెలగలేదు, తలుపు తెరుచుకోలేదు. వీధి తన దారిన తాను నడిచింది. మూడోనాడు ఎవరో తలుపు తట్టారు. నాగులమ్మ గోడ పట్టుకుని ఆశగా వెళ్ళి తీసింది. ఆనాడు నిప్పివ్వనన్న మొదటి ఇంటి పనిమనిషి గాజుల కొలత ఆమె చేతిలో పెట్టి, ఎల్లుండికి కావాలని చెప్పి వెళ్ళిపోయింది.

జ్వరం తగ్గాక నాగులమ్మ ఒక నిశ్చయానికి వచ్చింది. "ఊళ్ళో ఆ ఇల్లు ఎవరికైనా ఇచ్చేసి వద్దామయ్యా. అక్కడ మనకో గుమ్మం ఉన్నన్నాళ్ళూ నాకు ఇక్కడ కాలు నిలవదు. అది లేకపోతే ఈ బెంగైనా చస్తుంది" అంది.

సింగన్నకు గుండె కలుక్కుమంది. కానీ కాదనలేకపోయాడు.

వాళ్ళు ఎర్రమెట్ట చేరేసరికి కాస్త పొద్దెక్కింది. ఇళ్ళ మీద పొగ పలచబడుతోంది. తమ వాకిట్లో అడుగుపెట్టి ఇద్దరూ ఆగిపోయారు. వదిలి వెళ్ళిన కుంపటి అంచుల దాకా బూడిదతో నిండి ఉంది. ఆ బూడిద మీద ఒక కణిక ఎర్రగా మండుతోంది. కుండపెంకు చేత్తో పట్టుకుని ముత్యాలవ్వ అప్పుడే వెనుదిరుగుతోంది.

"ఇదేమిటవ్వా? మేం పట్నం పోయిన సంగతి మరిచిపోయావా?" అన్నాడు సింగన్న.

"మరుపేం లేదు నాయనా, సాగనంపినదాన్నే కదా. అయినా నిప్పుకు రాని ఇల్లు కళ్ళబడితే కాలు ఊరుకుంటుందా? మీరు ఏ పూట తిరిగొచ్చినా పొయ్యి చల్లగా ఉండకూడదని, రోజూ ఒక్క కణిక పెట్టి పోతున్నా" అంది అవ్వ.

నాగులమ్మ ఆ కుంపటి పక్కన కూలబడి, బూడిదలో చెయ్యి పెట్టి చిన్నపిల్లలా ఏడ్చింది. ఇల్లు ఇచ్చేసే మాట మళ్ళీ ఎత్తలేదు.

ఉండిపోవాలనే ఇద్దరికీ ఉంది. కానీ కడుపు సంగతి ఇద్దరికీ తెలుసు. అందుకని అవ్వ కోసం వాకిట్లో కొత్త కుంపటి పెట్టి, ఈసారి బరువని చూడకుండా పాతదాన్ని మోసుకుని బయలుదేరారు. అవ్వ పెట్టిన కణికను ఊకలో కప్పి, దారి పొడుగునా ఆరిపోకుండా కాచుకుంటూ కాంచనపురం చేర్చారు. అక్కడా దాన్ని ఆరనివ్వలేదు.

వానాకాలం వచ్చింది. ముసురు పట్టింది. నగరంలో రాతి నిప్పురవ్వను అందుకునే దూది అంతా చెమ్మగిల్లి, చెకుముకి రాళ్ళు ఎంత కొట్టినా నిప్పు అంటుకోలేదు. పెద్ద పెద్ద మేడల్లో పసివాళ్ళు పాలు కాగక ఏడ్చారు. వీధి మొత్తం మీద సింగన్న ఇంటి మీదే పొగ లేచింది.

ముందు మొదటి ఇంటి ఇల్లాలు వచ్చింది. ఆవిడ వెనక వర్తకుడు వచ్చాడు. ఆ వెనక, తలుపు తెరవని ఇంటి ముసలాయన కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. "చెయ్యి ఖాళీ లేదు, పైకి వెళ్ళండి" అన్న మాట సింగన్న నాలుక చివరి దాకా వచ్చింది. అతనూ మనిషే కదా. కానీ కుంపటి వంక చూసి ఆ మాట మింగేశాడు. ముగ్గురికీ దోసెడేసి నిప్పులు పోశాడు. ఏమివ్వమంటావని వర్తకుడు అడిగాడు.

"ఏమీ వద్దు బాబుగారూ. రేపటి నుంచి రోజూ నిప్పుకు రండి. మీరు రాకపోతే నేనొచ్చి తలుపు తడతాను. మా పొగ కనబడకపోతే మీరు వచ్చి తట్టాలి" అన్నాడు సింగన్న.

వాళ్ళు నవ్వారు. అయినా వచ్చారు. ముసురు వెలిసి రాళ్ళు మళ్ళీ నిప్పు రాల్చినా, రావడం మానలేదు. ముసలాయనైతే నిప్పు అక్కర్లేని రోజు కూడా వచ్చి, నాగులమ్మ దగ్గర ఎర్రమెట్ట కబుర్లు చెప్పించుకుని వెళ్ళేవాడు.

ఒకనాడు అంతఃపురం గాజుల పనిలో అలిసిపోయి ఆలుమగలిద్దరూ పొద్దెక్కినా లేవలేదు. ఎవరో తలుపు తట్టారు. నాగులమ్మ తీసి చూస్తే ముసలాయన. చేతిలో కుండపెంకు, పెంకులో కణికలు.

"పొగ కనబడలేదు. ఒంట్లో బాగానే ఉందా తల్లీ?" అన్నాడు.

నాగులమ్మ ఆ పెంకును రెండు చేతులా అందుకుంది. ఇప్పటికీ ఆమె పొద్దున్నే ఎర్రమెట్ట దిక్కుకు తిరిగి కాసేపు నిలబడుతుంది. అక్కడ వాకిట్లో తన కోసం ఒక కణిక ఉంటుందని ఆమెకు తెలుసు. ఆ బెంగ తీరేది కాదు. తర్వాత లోపలికి వచ్చి, వీధికి సరిపడా నిప్పు రాజేస్తుంది.

మనం కనబడకపోతే తలుపు తట్టేవారున్న చోటే మన ఊరు. అలాంటి ఊరు దొరకనివారు ముందుగా తామే వెళ్ళి ఒక తలుపు తట్టాలి.