దొరగారి తాంబూలం పెట్టె

కోట వంటశాలకి కొత్తగా అధికారిగా వచ్చిన చెన్నప్ప నాయకుడు మొదటి రోజే పొయ్యిలు, ఉప్పూ కారాల జాడీలు అన్నీ చోటు మార్పించేశాడు. మార్పు మంచిదే, వంటవాళ్లకి అటూ ఇటూ తిరిగే పని తగ్గింది. కానీ చేతులు మాత్రం అలవాటుకొద్దీ పాత అరల వైపే పోతున్నాయి.

"రేపటి నుంచి పాత అర వైపు చెయ్యి చాపినవాళ్లు ఇంటికే!" అన్నాడు నాయకుడు.

అందరూ తలలు వంచుకుని పనిలో పడ్డారు. పిండి రుబ్బే పేరమ్మ మాత్రం, "అలాగే దొరా. మీ తాంబూలం పెట్టె కూడా పీటకి కుడి పక్క నుంచి ఎడమ పక్కకి మార్చుకోండి. మీరు చేసి చూపిస్తే మేం నేర్చుకుంటాం" అంది.

"ఓస్, అదెంత పని!" అని నాయకుడు వెంటనే మార్చుకున్నాడు.

మర్నాడు పొద్దున పెట్టె ఉండే పాత చోట పేరమ్మ చింతపండు గుజ్జు గిన్నె పెట్టింది. నాయకుడు పీట మీద కూర్చుని, అందరి మీదా కేకలేస్తూ, తమలపాకు కోసం చెయ్యి చాపాడు. మణికట్టు దాకా గుజ్జులో మునిగింది.

పేరమ్మ చెంబుతో నీళ్లు తెచ్చి, ఆ చేతి మీద పోస్తూ నెమ్మదిగా అడిగింది.

"దొరా, ఈ చేతిని ఇంటికి పంపించేద్దామా? నాలుగు రోజులు చూద్దామా?"

నాయకుడు తన చేతి వంక చూసుకుని పకపకా నవ్వాడు.

"చూద్దాం పేరమ్మా, అందరి చేతుల్నీ చూద్దాం."