తెర వెనక పెళ్లికూతురు

దూదేకుల నాగూర్బీకి తన పడుచునాటి ఆ నిఖా గుర్తొస్తే ఇప్పటికీ నవ్వాగదు.

అప్పట్లో ఊరి కోటకు అధికారి అయిన ముసలి కిల్లేదారు ఆమెనే చేసుకుంటానని పట్టుబట్టాడు. ఆమె వద్దని మొత్తుకుంది.

"ఆడపిల్ల వద్దంటే అది సిగ్గు. నోరు మెదపకపోతే ఒప్పుకున్నట్టు," అని తేల్చేశాడు కిల్లేదారు ఉప్పు తినే ఖాజీ.

నిఖానాడు ఖాజీ తెర ఇవతల కూర్చుని, "ఇష్టమేనా బేటీ?" అని మూడుసార్లు అడిగాడు. లోపల చప్పుడు లేదు.

"ఒప్పుకుంది! నిఖా అయిపోయింది!" అన్నాడు.

కిల్లేదారు ఆత్రంగా తెర లాగాడు. ఎర్ర ముసుగు కింద దూది మూట!

"మూడుసార్లూ నోరు మెదపలేదు గదా ఖాజీసాబూ, బేగంగారిని పల్లకీ ఎక్కించండి," అంది గుమ్మంలో నిలబడ్డ నాగూర్బీ.

ఊరు ఊరంతా నవ్వింది. ఆ తర్వాత ఏ ఖాజీ అయినా పిల్ల గొంతు విన్నాకే నిఖా చదివాడు.

ఇప్పుడు మనవరాళ్లు తమ నిఖాల్లో ఒప్పుకుంటూ "కబూల్" అని గట్టిగా అన్నప్పుడల్లా, ఆనాటి దూదితో కుట్టుకున్న దిండును నాగూర్బీ మెల్లగా నిమురుతుంది.