ఈరయ్య జోడు

మా తాత పుట్టకముందు, ఆయన తాత కూడా పుట్టకముందు, మూసీ ఒడ్డున నవాబుల నగరంలో ఒక పెద్ద దేవిడీ ఉండేది. దేవిడీ అంటే నవాబుగారి మహల్. ఎంత మర్యాదంటే, అక్కడ పిల్లిని అదిలించాలన్నా ముందు సలాం చేసేవారట! "పొండి" అనే మాట ఆ గోడలు ఎన్నడూ వినలేదు. అత్తరు రాసి తాంబూలం ఇచ్చారంటే, ఇక సెలవు తీసుకోమని అర్థం.

ఆ గుమ్మం దగ్గర అతిథుల చెప్పులు చూసుకునేవాడు ఈరయ్య. విడిచిన జోడు తీసేవాడు, దుమ్ము తుడిచేవాడు, వరసలో పెట్టేవాడు. వాళ్లు బయల్దేరే వేళకు వాటిని వీధివైపు తిప్పేవాడు. నవాబుగారి గుమాస్తా ముంషీ వచ్చి ఆ వరస చూసుకునేవాడు. ఎన్ని జోళ్లో అన్ని తాంబూలాలు, లోపలికి అన్ని పిలుపులు. వచ్చినవాళ్లను నువ్వెవరు, ఎందుకొచ్చావు అని అడగడం మొరటుతనం కదా!

ఒకరోజు సాయవ్వ అనే ముసలామె వచ్చింది. కాళ్లకు చెప్పుల్లేవు. ఆమె ఒక్కగానొక్క కొడుకును కోటగోడకు రాళ్లు మోయడానికి నవాబుగారి మనుషులు పట్టుకుపోయారు. వాడికి జ్వరం. వదిలిపెట్టమని అడగాలని వచ్చింది.

"దయచేయండమ్మా, కూర్చోండి" అన్నాడు ముంషీ ఎంతో మర్యాదగా. వరండాలో కూర్చుంది. వరసలో ఐదు జోళ్లు. ఐదుగురిని పిలిచాడు. సాయవ్వను పొమ్మనలేదు, పిలవనూ లేదు. పొద్దు గూకింది.

రెండోరోజూ వచ్చింది. "దయచేయండమ్మా, కూర్చోండి." ఏడు జోళ్లు, ఏడుగురు. పొమ్మనలేదు, పిలవనూ లేదు. పొద్దు గూకింది.

మూడోరోజు వస్తూనే గుమ్మం దగ్గర కూలబడింది.

"బిడ్డా, నా కొడుకు నిన్నటిసంది లేస్తలేడట. నీళ్లు గూడ మింగుతలేడట. ఇంకెన్నాళ్లు కూసోవాలె?"

ఈరయ్య ఆమెను చెయ్యి పట్టి లేపాడు.

"లోపలికి పోయి కూసో అవ్వా. ఇయ్యాల పిలుస్తరు."

తన చెప్పులు విడిచాడు, దుమ్ము తుడిచాడు, నాలుగు జరీ జోళ్ల పక్కన వరసలో పెట్టాడు. నౌకరు చెప్పులు అక్కడ కనబడితే కొలువు పోతుందని అతనికి తెలుసు. అయినా పెట్టాడు.

వరసలో ఐదు జోళ్లు. లోపలికి వెళ్లింది నలుగురు. ఐదోవారెవరని ముంషీ వెతికితే వరండాలో సాయవ్వ ఉంది. పిలిచారు.

నవాబుగారు అంతా విన్నారు. అక్కడికక్కడే చీటీ రాసి కోటకు గుర్రపురౌతును పంపారు. తాంబూలం ఇచ్చి, పెద్దామె కదా అని, తామే గుమ్మందాకా సాగనంపారు. అక్కడ ముంషీ కంట చెప్పులు పడ్డాయి.

"హుజూర్! ఇవి ఈరయ్యవి! అతిథుల వరసలో నౌకరు చెప్పులు!"

నవాబుగారు సాయవ్వ పగిలిన పాదాలు చూశారు. ఆమెకు రెండింతలున్న ఆ చెప్పులు చూశారు. ఈరయ్య వట్టి కాళ్లు చూశారు.

"ఎన్నాళ్ల నుంచి వస్తున్నావమ్మా?"

"ఇయ్యాల్టికి మూడు దినాలు, దొరా."

నవాబుగారి ముఖం చిన్నబోయింది. వంగి, తన చేత్తో ఆ చెప్పులను వీధివైపు తిప్పారు.

"మా మర్యాద నిన్ను మూడు రోజులు వాకిట్లోనే కూర్చోబెట్టింది. మన్నించమ్మా. ముంషీజీ, ఇవి అతిథి చెప్పులే."

నవాబు తిప్పిన జోడు తొడుక్కోకపోతే తప్పు. సాయవ్వ తొడుక్కుని, ఈడ్చుకుంటూ కోటవైపు నడిచింది. ఈరయ్య ఎండలో కాళ్లు కాలుతుంటే నవ్వుకుంటూ ఇంటికి పోయాడు.

సాయవ్వ కొడుకు బతికాడు. చాలా ఏళ్లకు ఈరయ్య చనిపోయినప్పుడు అతనే కొత్త జోడు కుట్టించి తెచ్చి, ఆ గుమ్మం దగ్గర వరసలో పెట్టాడు. మర్నాడు వట్టి కాళ్లతో వచ్చిన ఒకాయన వేసుకుపోయాడు. ఆ చోట ఇంకెవరో ఇంకో జోడు పెట్టారు.

ఇప్పుడు దేవిడీ లేదు, నవాబూ లేడు. కానీ ఆ గల్లీల్లో ఎవరింట విందైనా, గడప దగ్గర ఒక జోడు ఎక్కువ ఉంటుంది. చెప్పుల్లేకుండా వచ్చినవారు అడక్కుండానే తొడుక్కుపోతారు. వడ్డన మొదలుపెట్టే ముందు ఇంటి పెద్ద అడిగేది ఒక్కటే.

"ఈరయ్య జోడు పెట్టిన్రా?"

పెట్టామనేదాకా ఎవరూ ముద్ద ఎత్తరు.